తాడుకు తగలనిది, శబ్దానికి తగిలినది

ఏప్రిల్ మూడో సోమవారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది.

దయ్యాలను నేను నమ్మను. ముందూ నమ్మలేదు, ఇదంతా జరిగినాక ఇప్పుడు కూడా నమ్మడం లేదు. ముప్పై ఒక్క ఏండ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. తాయెత్తు కట్టుకొచ్చి పరీక్ష రాసినవాడి పేపరు మీద, వాడి మార్కుల కిందనే, ‘తాయెత్తుకు సున్నా’ అని రాసినదాన్ని. కాబట్టి నేను చెప్పేది కథగా వినొద్దు. నేను చూసింది చెబుతాను, అంతే.

మా చెల్లెలు మాబున్నికి పామిడి పైన మెట్టలో చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉండేది. మూడు వందల పది చెట్లు. భర్త పోయినాక ఆమెకు తిండి పెట్టింది ఆ చెట్లే. ఆ ఎండాకాలం బోరు నీళ్ళకు బదులు గాలి కక్కింది. మోటారు పైకి తీసి పెట్టినారు. చెట్లు చావకుండా ట్యాంకర్లతో నీళ్ళు తోలిస్తూ ఉండింది. అది ఎన్నాళ్ళో సాగే పని కాదు. మోటారును ఇంకా కిందికి దించాలా, కొత్త బోరు వేయాలా అన్నది తేల్చుకోవాలి.

పక్క తోట రామిరెడ్డి ఒకప్పటి సర్పంచి. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. టెంకాయ నిక్కి నిలబడిన చోట నీళ్ళట. ఆయన చూపించిన చోట్ల ఎండిపోయిన బోర్లు మా చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. అయినా జనం ఆయన వెంటే పోతారు. చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

“ముందు ఉన్న బోరులో నీళ్ళు యాడున్నాయో కొలిపించు. తర్వాత టెంకాయ పగలగొట్టుకుని పచ్చడి చేసుకోండి” అని చెప్పి, ఓబులేసును పిలిపించినాను. ఓబులేసు బోర్లను శబ్దంతో కొలుస్తాడు. కేసింగు పైపు మూతికి ఒక యంత్రం బిగిస్తాడు. అది ఠప్పుమని ఒక దెబ్బ శబ్దం లోపలికి పంపుతుంది. ఆ శబ్దం నీటిమట్టానికి తగిలి వెనక్కి వస్తుంది. పోయి వచ్చేదానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు తేలుతుంది. ఎనిమిదో తరగతి లెక్క. అందుకే నాకు దాని మీద నమ్మకం.

మొదటి దెబ్బకు నాలుగు వందల పది అడుగులు వచ్చింది. కిందటేడాది కంటే నూరు అడుగులు పైకి! మాబున్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నేను ఒక కొలతను నమ్మను. తాడుకు ఇనుప గుండు కట్టి, కింది భాగానికి సుద్ద పూసి వదిలినాను. సుద్ద తడిస్తే తెలుస్తుంది. గుండు నాలుగు వందల పది దాటింది, ఐదు వందలు దాటింది. ఐదు వందల డెబ్బై రెండు దగ్గర సుద్ద తడిసింది. మధ్యలో ఎక్కడా తాడుకు ఏమీ తగల్లేదు.

ఓబులేసు ముఖం చిట్లించి యంత్రాన్ని రామిరెడ్డి బోరుకు బిగించినాడు. అక్కడ శబ్దం చెప్పిన లోతూ తాడు చెప్పిన లోతూ ఒకటే. యంత్రం మంచిదే. ఎండకు గాలి వేడెక్కితే శబ్దం కొంచెం వేగంగా పోతుంది. ఆ తేడా కట్టినా ఇరవై అడుగులు మించదు.

గురువారం మళ్ళీ కొలిచినాము. శబ్దం మూడు వందల అడుగులంది. తాడు మళ్ళీ ఐదు వందల డెబ్బై రెండే అంది.

ఆ రోజు యంత్రం తీసేటప్పుడు పైపులోంచి ఒక వాసన వచ్చింది. మురుగు వాసన కాదు, చచ్చిన ఎలుక వాసనా కాదు. నిద్ర లేచినవాళ్ళ నోటి వాసన. వెచ్చగా ముఖానికి కొట్టింది. చాలామంది నన్ను అడుగుతారు, భయం వేయలేదా అని. లేదు. రోత పుట్టింది. ఇంటికి పోయి మూడుసార్లు ముఖం కడుక్కున్నాను.

“కొలిచేది మానద్దు. ట్యాంకర్లు కూడా ఆపద్దు” అని మాబున్నికి చెప్పినాను.

“నీళ్ళు పైకి వస్తాండాయి గదక్కా. ఇంగ ట్యాంకరెందుకు?”

“వస్తాండేది నీళ్ళు గాదు. నీళ్ళయితే సుద్ద తడవాల.”

“నీ సుద్దముక్క కంటే ఆ మిషను చిన్నదా? దాన్ని పిలిపిచ్చింది నువ్వే గదా!”

ఆమె ట్యాంకరు వానికి ఫోన్ చేసి రావద్దని చెప్పింది.

మాట ఊళ్ళో పాకింది. రామిరెడ్డి వచ్చి బోరు చుట్టూ పసుపు చల్లి, గంగమ్మ లేచిందన్నాడు. మరుసటి రోజుకు ఆటోల్లో జనం దిగినారు. పైపులోకి పాలు పోసినారు, కుంకుమ పోసినారు, కోడిగుడ్లు పగలగొట్టి వేసినారు. ఎండకు అవి పైపు అంచున ఉడికి, ఈగలు ముసిరినాయి. చెట్ల పాదుల్లో టీ కప్పులు. ఎండుతున్న చెట్టు కిందే కూర్చుని, కాయలు తెంపి తిని, ఆ చెట్టుకే ఉచ్చ పోసి పోయినారు. ఒకడు పైపు ముందర నిలబడి ఫోన్లో వీడియో తీసుకుంటూ, “ఒగసారి పలుకు తల్లీ” అని లోపలికి ఈల వేసినాడు. వాన్ని చెప్పుతో కొట్టాలనిపించింది. మాబున్ని మాత్రం వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళు మోసింది.

మరుసటి సోమవారానికి శబ్దం నూట నలభై అడుగులంది. ఓబులేసు తనకు తెలిసినవన్నీ చెప్పినాడు. లోపల గోడ కూలి రాయి అడ్డం పడిందేమో అన్నాడు. అడ్డం పడితే గుండు ఎట్లా దిగుతుంది? బరువైన గాలి పొర ఏదైనా నిలిచిందేమో అన్నాడు. అది నేనూ ఒప్పుకుంటాను. అట్లాంటి పొర మెత్తగా శబ్దాన్ని వెనక్కి పంపగలదట. కానీ యంత్రం తెర మీద గీత సూదిలాగా నిలబడింది. నిండు నీటికి తగిలినా అంత పదునుగా రాదని అతనే చెప్పినాడు.

గుత్తి నుంచి బోరు కెమెరా తెప్పించినాము. దీపంతో సహా అది కిందికి దిగింది. నూట నలభై దగ్గర ఆపించినాను. నల్ల రాయి, పొడి గోడ, డ్రిల్లింగు గీతలు. ఇంకేమీ లేదు. కెమెరా అక్కడ వేలాడుతుండగానే, పైపు మూతి పక్కనుంచి శబ్దం పంపమన్నాను. నూట నలభై నుంచే తిరిగొచ్చింది.

“మేడం, నన్ను ఇడిచిపెట్టండి” అన్నాడు ఓబులేసు. చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, తడి ఏమీ లేకపోయినా.

“ఇంగొక్కసారి రాప్పా, శుక్రవారం” అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం, మంచి ఎండలో, మేము నలుగురమే ఉన్నాము. నేను, మాబున్ని, ఓబులేసు, రామిరెడ్డి. మొదటి దెబ్బకు ముప్పై అడుగులు. కాసేపటికి పన్నెండు. ఆ తర్వాత పోయిన శబ్దమూ వచ్చిన శబ్దమూ ఒకదాని మీద ఒకటి పడి, యంత్రం లోతు చూపించలేదు. ఓబులేసు దాన్ని ఊడదీసి దూరంగా పెట్టినాడు. పైపులోకి తొంగి చూసినాను. ఖాళీ. వాసన మాత్రం పైకి పొంగుతోంది.

“వచ్చేసిందక్కా” అని మాబున్ని మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ చెవి పైపుకు ఆనించింది. భుజం పట్టి లాగినాను. నా చెయ్యి విదిలించుకుంది. ఎంతసేపో కాదు, రెండు మూడు ఊపిర్ల సేపు. తర్వాత తనే లేచి, చీర దులుపుకుని, నా వైపు తల తిప్పింది.

“యేమంటాండావక్కా? గట్టిగా చెప్పు.”

ఆమె అడగకముందు నేనేమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

బతిమాలి ఓబులేసుతో యంత్రం మళ్ళీ బిగింపించినాను. శబ్దం పంపినాడు. తిరిగి రాలేదు. పన్నెండు నుంచి రాలేదు, ఐదు వందల డెబ్బై రెండు నుంచీ రాలేదు. అడుగున నీళ్ళున్నాయి, ఆ పూట కూడా సుద్ద తడిసింది. అయినా ఆ బోరు శబ్దాన్ని మింగింది, కక్కలేదు. రామిరెడ్డి బోరులో అదే యంత్రం అదే గంటలో సరిగ్గా పనిచేసింది.

రామిరెడ్డి ఊరంతా చెప్పింది వేరు. “గంగమ్మ నెత్తిన టీచరమ్మ ఇనుప గుండేసె. తల్లి అలిగి పాయె” అన్నాడు. పూజ పాలు పెట్టుకున్న డబ్బాలోనే ఇప్పుడు ఆయన ఎరువు మందు కలుపుతున్నాడు. ఓబులేసు రిపోర్టు పంపినాడు. అందులో తాడు చెప్పిన ఐదు వందల డెబ్బై రెండును శబ్దం చెప్పినట్టు రాసినాడు. ఫోన్ చేస్తే, “అట్ల రాస్తేనే ఎవురన్నా నమ్మేది మేడం” అన్నాడు. టెంకాయ పట్టుకున్నవాని మీద కంటే ఇతని మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

ఆ రోజు నుంచి వినపడని మాబున్ని ఎడమ చెవిని అనంతపురంలో ఇద్దరు చెవి డాక్టర్లకు చూపించినాము. లోపల పొర బాగుంది, నరం బాగుంది, చెవుడు రావడానికి కారణమే లేదన్నారు. ఏం వినిపించిందని మాబున్నిని ఒక్కసారే అడిగినాను. “ఏమీ ఇనపళ్ళేదక్కా. నేను ఇంటాంటే, అవతల గూడా ఎవురో చెవి ఆనిచ్చినట్లుండె” అంది. మళ్ళీ అడగలేదు.

మళ్ళీ పిలిస్తే, ట్యాంకరు వాడు అప్పటికే తన ట్రిప్పులు వేరే తోటలకు ఒప్పుకున్నాడు. తిరిగి వచ్చేసరికి మే సగం దాటింది.

లెక్క తప్పు ఎక్కడుందో ఇప్పటికీ వెతుకుతున్నాను. దొరకలేదు. తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి, వింటాను. టెంకాయలు, తాయెత్తులు మాత్రం వద్దు.

పోయినవి ఇవి. చీనీ చెట్లు రెండు వందల అరవై నాలుగు. బోరు ఒకటి, మూతికి సిమెంటు వేయించినాను. మాబున్ని ఎడమ చెవి.