మేడ మీది డాన్సు క్లాసు

జగిత్యాలలో మా ఇంటి కింద మడిగెలో ఒక చాచా టైలర్ షాపు నడిపేవాడు. నా చిన్నప్పటి నుంచీ ఆయన అక్కడే. మా అమ్మను అక్కా అనేవాడు. మేడ మీది హాల్లో ఒక టీచరమ్మ సాయంత్రాలు ఆడపిల్లలకు కూచిపూడి నేర్పేది.

పిల్లలను దింపిన తల్లులు క్లాసయ్యేదాకా వీధిలోనే ఉండేవాళ్లు. ఊరికే నిలబడటం మన ఆడవాళ్ల వల్ల కాదు కదా. ఒకామె బండి దగ్గర మిర్చి బజ్జీలు కట్టించుకునేది, ఒకామె పూలు బేరమాడేది. చాచా దగ్గర జాకెట్ గుడ్డలు గుట్టలు పడేవి.

అయినా ముందుగా విసుక్కున్నది చాచానే. "అక్కా, పొద్దుగూకితె సాలు, నెత్తి మీద ధనాధన్ ఎగురుడే. మిషిన్ మీద మనసు నిలుస్తలేదు. షాపు ముంగట అన్ని స్కూటీలే. వాళ్లను ఎటన్న పంపియ్యి" అన్నాడు. పక్కవాళ్లూ వంత పాడారు. అమ్మ ఆయన మాట తీసెయ్యలేక టీచరమ్మను ఖాళీ చేయమంది. ఆమె కోరుట్లలో హాలు చూసుకుని వెళ్లిపోయింది. ఇక్కడి పిల్లల్లో చాలామంది ఆటే మానేశారు.

వీధి ప్రశాంతమైంది. ఆ ప్రశాంతత తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. బజ్జీల బండి బస్టాండు దిక్కు వెళ్లింది. తల్లులు తన కుట్టు కోసమైనా వస్తారనుకున్నాడు చాచా. ఆయన కుట్టు మంచిదే, కానీ ఒక్క జాకెట్ కోసం ఊరి ఆ చివర నుంచి ఎవరు వస్తారు? ఆ గజ్జెల వల్లే మా వీధి నాలుగు మెతుకులు తింటోందని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆటపాటలంటే పనీపాటా లేనివాళ్ల సరదా అనుకున్నాం.

చివరికి ఆయన షాపు మూసి, సిరిసిల్లలో రెడీమేడ్ చొక్కాలు కుట్టేచోట పనికి చేరాడు. మొన్న వేములవాడ నుంచి వస్తూ ఆయన గదికి వెళ్లాను. చాయ్ పోసి, తాను కాలర్లు మాత్రమే కుడతానని చెప్పాడు. చేతులు వేరేవాళ్లు కుడతారట.

"అంత నేనే చేసుకున్న బిడ్డా" అన్నాడు.

నాకు చాలా బాధేసింది.

చాయ్ గ్లాసులు తీస్తూ ఆయనే అడిగాడు. "నీ బిడ్డ జాకెట్ గుడ్డ ఏమన్న ఉంటె నాకియ్యరాదు? పైసలేం వద్దు. నిండుగ ఒక్క బట్ట కుట్టక శాన దినాలైంది."

సరేనన్నాను. నా బిడ్డ రెడీమేడ్ తప్ప తొడగదని చెప్పడానికి నోరు రాలేదు.