ఇనుము లేని మగ్గం

సిరిసిల్లలో సాంచా అనే మరమగ్గం మీద అయిపోయిన పడుగు కొసలకు, నూలు చుట్టిన కొత్త బీము పోగులను అతికే పనిని వైపని అంటారు. ముత్తయ్య ఏళ్ల తరబడి ఆ పనే చేశాడు. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలు కలిపి నలిపితే ముడి లేకుండానే అతుక్కునేవి. బీమును తిప్పే చక్రంలో పడి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయాక, భార్య సత్తవ్వ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చోవడమే పనయింది.

కోరుట్లలో ఉండే చెల్లెలి కొడుకు శ్రీధర్ హైదరాబాద్‌లో బ్యాటరీతో నడిచే కృత్రిమ చేతులు తయారుచేసే చోట పనిచేస్తాడు. మొన్న ఒకటి తెచ్చి మామకు తొడిగాడు. వేళ్ల కొనలకు మెత్తటి రబ్బరు, ఆ రబ్బరు నిండా అయస్కాంతపు పొడి. దేనికైనా ఒత్తుకుంటే రబ్బరు అణిగి పొడి కదులుతుంది. లోపలి బిళ్ల ఆ కదలికను పట్టి, మోచేతి పైన దండకు కట్టిన పట్టీని వణికిస్తుంది. మెల్లగా తాకితే సన్నగా, గట్టిగా నొక్కితే జోరుగా.

"పని నడిస్తే నీకే ఉంటది మామా. నడవకుంటే ఇంకోలకు ఇయ్యాలె," అన్నాడు శ్రీధర్.

ఇద్దరూ సాంచాల యజమాని ధనుంజయ్ షెడ్డుకు పోయారు. ముత్తయ్య పోగుల వైపు చెయ్యి చాచాడో లేదో పట్టీ గిలగిలలాడింది.

"అరే, ఇంక ముట్టనే లేదు గదరా!"

"సాంచాది ఇనుము గద మామా. దగ్గరికి వస్తే చాలు, తాకిందనుకుంటది."

"సాంచాను చూసి నీ చెయ్యి భయపడ్తాందే ముత్తయ్యా! ఒకసారి కరిసింది గద," ధనుంజయ్ నవ్వాడు. ముత్తయ్య వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చి చెయ్యి విప్పబోయాడు.

"ఆగు," అంది సత్తవ్వ. "మన వాడకట్టు లసుమవ్వ మగ్గం కట్టెదే గద. పడుగు అతికెటోళ్లు దొరుకుతలేరని మొత్తుకుంటాంది."

ముగ్గురూ అక్కడికి పోయారు. లసుమవ్వ మగ్గం చుట్టూ కట్టె, వెదురు, నూలు. పట్టీ ఊరుకుంది. ఎవరూ అడగకుండానే సత్తవ్వ పడుగుకు అవతల కూర్చుంది. పెళ్లయిన కొత్తలో ముత్తయ్య ఇంట్లో చేతిమగ్గమే ఉండేది. అతను అతుకుతుంటే ఆమె అవతలి నుంచి కొసలు అందించేది. ఇంటి నిండా మనుషులున్న ఆ రోజుల్లో ఇద్దరూ మాట్లాడుకోగలిగింది ఆ పోగుల మీదుగానే. సాంచాలొచ్చాక ఆ మోతలో మాటలు లేవు.

ఒంటి పోగును రబ్బరు వేళ్లు పసిగట్టలేకపోయాయి. పిడికెడు పోగులు పట్టి గుంజితే మాత్రం పట్టీ సన్నగా వణికింది. మొదట ఎక్కువ గుంజి రెండు పోగులు తెంపాడు. తర్వాత వణుకు సన్నబడితే వదులైందని, జోరైతే బిగిసిందని తెలిసొచ్చింది. సత్తవ్వ రెండు కొసలు కలిపి అందిస్తే ఎడమచేతి వేళ్లతో నలిపాడు.

"మీ నాయిన నన్ను గిట్ల కూసుంటెనే తిట్టెటోడు, పోరి చేతికి చెమట అని," అంది సత్తవ్వ.

"తిట్టినా పోగు నీతోనే అందిపిచ్చుకునెటోడు."

"మీ ముచ్చట్లకు ఏమన్న మోక్షం ఉన్నదా? నా తువ్వాలలు ఎప్పుడైతయే?" లసుమవ్వ గుమ్మంలోంచి అరిచింది.

శ్రీధర్ గడియారం చూసుకున్నాడు. సగం పడుగు కూడా కాలేదు.

"మామా, కోరుట్ల బస్సు పోతది. చెయ్యి తీసియ్యి, ఇనుము సంగతి చూసి మళ్ల తెస్త."

ముత్తయ్య తలెత్తలేదు. "నడుమ వదిలితే చిక్కువడ్తదిరా. నువ్వు పో, చెయ్యి ఈడనే ఉండనీ."

సత్తవ్వ తర్వాతి కొసలు అందించింది.