దండం తర్వాత బల్బు

సోల్డరింగ్ ఐరన్ కింద సీసం కరిగి సన్నటి పొగ లేస్తే నాకు సువార్తమ్మ ఆంటీ గుర్తొస్తారు. నిన్న సాయంత్రం టెలిస్కోపు కెమెరాకి కొత్త తీగ అతుకుతుంటే మళ్లీ అదే వాసన.

కూర్మన్నపాలెంలో మా పక్కవాటా ఆమెది. స్టీలు ప్లాంటులో మీటర్లు బాగుచేసి రిటైరయ్యారు. ఆయాసం వల్ల నేను బడికి వెళ్లలేదు. లెక్కలు అమ్మ చెప్పింది, కరెంటు గురించి ఆంటీ చెప్పారు. ఆ ఇద్దరినీ ఇచ్చిన దేవుడికి ఎన్ని దండాలు పెట్టినా చాలవు. నక్షత్రాలు చూసే బృందం ఒకటి నన్ను నమ్మి తమ కెమెరా చేతికిచ్చినప్పుడు సంతోషం కంటే భయమే ఎక్కువైంది. దానికి పన్నెండు వోల్టులే అందాలి, మించితే కాలిపోతుంది. మా వీధి కరెంటేమో ఒక్క తీరుగా ఉండదు. కెమెరా కాలితే, బడి మొహం చూడని పిల్లకి మళ్లీ ఎవరూ ఏదీ ఇవ్వరు.

అందుకే ఆంటీ పక్కన కూర్చుని, వోల్టేజీని నిలకడగా ఉంచే పవర్ సప్లై చేశాను. పూర్ణా మార్కెట్‌లో కొన్న రేకు డబ్బాలో దాన్ని బిగించి, వేడి పోవడానికి మూతకి చిల్లులు పెట్టాం. మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా చేసినట్టే మూత మీద తడిపసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకున్నాను. కెమెరా తీగ అందుకోబోతే ఆంటీ చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏటే అమ్మలూ, పెళ్లికూతుర్ని సేసీసినావు దీన్ని. ముందు బల్బు పెట్టు."

"పొద్దున్న చూశాం కదా ఆంటీ, సరిగ్గా పన్నెండు వచ్చింది."

"పొద్దున్న దీనికి బొట్టు లేదు కదా. పెట్టి సూడు."

కెమెరాకి బదులు పాత స్కూటరు బల్బు, దాంతోపాటు మీటరు తగిలించాను. మీటరు ముల్లు పన్నెండు దాటి పైకి పాకింది. మూత తీస్తే, చిల్లుల్లోంచి దిగిన పసుపునీళ్లు వోల్టేజీ సరిచేసే మర చుట్టూ చేరి ఉన్నాయి. మెడలో శిలువ వేసుకునే మనిషి, నా పూజని ఏమంటారో అని తల దించుకున్నాను.

ఆమె స్పిరిట్ దూదితో తుడుస్తూ, "దండం పెట్టడం తప్పు కాదే. నానూ ప్రార్థన సేసుకునే ఐరన్ పడతాను. దండం మన గుండెకి, మీటరు కెమెరాకి. దీని పని దానికి అప్పగించకు" అన్నారు.

తడి ఆరాక ముల్లు పన్నెండు మీద నిలిచింది. ఆంటీ నా కుంకుమ భరిణె తనే అందించి, "బొట్టు సెరిగిపోనాది. ఈపాలి పక్కన పెట్టు, పొడిగా" అన్నారు. ఆ తర్వాతే కెమెరా తగిలించాం. తెర మీద చందమామ వణుకు లేకుండా నిలిచింది.

ఆంటీ ఇప్పుడు లేరు. నిన్న కూడా అదే డబ్బాకి పక్కన పొడి కుంకుమ అద్ది, ప్రార్థనలో ఆమె పేరు కలుపుకుని, ముందు బల్బు తగిలించాను. ముల్లు పన్నెండు మీంచి కదలలేదని చూసుకున్నాకే కెమెరా తీగ పట్టుకున్నాను.