పసుపు గుడ్డ, పలచబడిన ఆయిల్

1979, ఆడి కృత్తిక. తిరువళ్లూరులో నాకొక మెకానిక్ షెడ్డు, మా తాత వదిలిన నల్ల కారు ఉండేవి. పొలాలు పోయాక ఆ కారును అద్దెకు తిప్పి ఇల్లు నడిపేవాణ్ణి. అయినా డ్రైవర్ అని పిలిస్తే పలికేవాణ్ణి కాదు.

ఆ పండక్కి తిరుత్తణి కొండ గుడికి వెళ్లేటప్పుడు కారు ముందు పసుపు గుడ్డ కట్టడం మా ఇంటి ఆచారం. ఆ ఏడు గట్టి నేత కావాలని చెప్పి మునిరత్నం మగ్గం మీద నేయించాను. గ్రిల్ మీద, అంటే గాలి లోపలికి పోయే జాలీ మీద, బిగించి కట్టాను. ఆ రోజు కారెక్కిన సవారీ కూడా మునిరత్నం, ఆయన భార్య చెంగమ్మే.

కొండ దారి నిండా మొక్కు కావళ్లు మోసే జనం. ఫస్ట్ గేర్‌లో పాకుతుండగా ఆయిల్ ప్రెషర్ లైటు మిణుకుమంది. ఇంజన్ లోపలికి ఆయిల్ సరిగా అందడం లేదని దాని అర్థం. అలాగే నడిపితే ఇంజన్ బిగుసుకుని పట్టేస్తుంది. దాన్ని విప్పి మళ్లీ కట్టించే స్తోమత నాకు లేదు. వెంటనే ఆపేశాను. కాసేపాగి ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్, తీశాను. మట్టం సరిగ్గానే ఉంది. ఆయిల్ పంపు పోయిందనుకున్నాను.

"ఇట్లియ్యండయ్యా," అన్నాడు మునిరత్నం.

"ఇదేమన్నా మగ్గమా?"

"తాకనీండి సామీ. నూలుకు పెట్టే గంజి చిక్కదనం చూసే చెయ్యి అది. నా సాంబారుకు గూడా వంక పెడతాది," అంది చెంగమ్మ.

ఆయన డిప్‌స్టిక్ కొసనున్న ఆయిల్ చుక్కను రెండు వేళ్ల మధ్య రుద్ది, మెల్లగా విడదీశాడు. తీగ సాగలేదు.

"పొద్దున మీరు పోసేటప్పుడు చూసినా, తీగ సాగినాది. ఇప్పుడు వేడి గంజి మాదిరి ఉండాది. సరుకు చెడలేదయ్యా, కాగిపోయినాది. ఆరితే మళ్లా చిక్కబడతాది. గాలి యాడ తగల్లేదో చూడండి."

చెబుతూనే ముందుకు వెళ్లి, గుడ్డ ఒక కొస విప్పి, దాని వెనక నా అరచెయ్యి పెట్టించి ఊదాడు. ఊపిరి తగల్లేదు.

"గట్టి నేత కావాలంటిరి. నేసిస్తిని," అన్నాడు తల వంచుకొని.

తల వంచవలసింది నేను. రేడియేటర్‌కూ, కింద ఆయిల్ నిలిచే సంప్‌కూ గాలి రాకుండా నా చేతులతోనే మూత కట్టాను. మిగతా ముడులు నేనే విప్పాను.

బానెట్ ఎత్తి చల్లారనిచ్చాము. తర్వాతి చుక్కకు మునిరత్నం వేళ్ల మధ్య సన్నని తీగ లేచింది. అప్పుడే ఇంజన్ స్టార్ట్ చేశాను. ఎర్ర లైటు ఆరిపోయి, మళ్లీ వెలగలేదు. ఆయన గుడ్డ మడిచి నా భుజాన వేశాడు. "ఇదీ కొండకు రావాల గదయ్యా."

డిప్‌స్టిక్ మీది గీత ఆయిల్ ఎంతుందో చెబుతుంది, ఎంత కాగిందో చెప్పదు. ఆ రోజు నుంచి షెడ్డుకు వచ్చిన ప్రతి బండిలోనూ చుక్క తీసి వేళ్ల మధ్య రుద్ది చూశాను. తీగ ఎక్కడ తెగుతుందో నా వేళ్లకు తెలియడానికి ఏళ్లు పట్టింది. మునిరత్నానికి ఒక్క చుక్క చాలింది.