హోసూరు బస్సులో వాసవాంబ దాహం

హోసూరు పేటవీధిలో కిరాణా అంగడి నడిపే జగన్నాథ్ శెట్టికి పరువంటే ప్రాణం. తుమ్ము వచ్చినా నలుగురికీ వినపడకుండా తుమ్మే రకం. అలాంటి మనిషి ఇంట్లోకే, పంతొమ్మిదివందల డెబ్భైతొమ్మిదిలో, కేన్సరు వచ్చి కూర్చుంది. భార్య వాసవాంబ రొమ్ములో గడ్డను బెంగళూరులో కోసి తీశారు. ఒంట్లో ఇంకెక్కడైనా దాని విత్తనం మిగిలి ఉంటే చావాలని నరంలోకి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఊళ్ళో మాత్రం ఆయన, బెంగళూరులో అక్కగారింట్లో వ్రతాలకు పోతున్నామని చెప్పుకొచ్చాడు. ఆ రోగం పేరు పలకడమే ఆయనకు తలవంపు.

మొదటి సూది రోజే డాక్టరమ్మ విడమరచి చెప్పింది. "ఈ మందు మూత్రంలోనే బయటికి పోవాల. లోపల నిలిస్తే మూత్రసంచిని కాలుస్తుంది. నీళ్ళు దండిగా తాగమ్మా, వస్తే ఆపుకోవద్దు." జగన్నాథ్ గోడమీది క్యాలెండరు చూస్తూ తల ఊపాడు. ఆడవాళ్ళ ఒంటి సంగతులు ఎత్తితే ఆయన చెవులు పనిచేయవు.

వాసవాంబ చెప్పినట్టే తాగింది. తిరుగు బస్సు చందాపుర దాటేసరికి మెల్లగా అడిగింది. "ఏమండీ, బస్సు ఒకరవ్వ నిలపమంటారా?"

"గమ్మునుండు. మన అంగడికొచ్చేటోళ్ళంతా ఈడే ఉండారు. ఊరొచ్చేసింది కదా."

ఆమె పళ్ళు బిగబట్టి ఇంటిదాకా వచ్చింది. ఆ తర్వాత, ప్రయాణమంటే మన ఆడవాళ్ళు ఏం చేస్తారో అదే చేసింది. సూది రోజున పొద్దుటినుంచే నీళ్ళు మానేసి, నోరెండిపోకుండా బుగ్గన లవంగం పెట్టుకునేది. గొడవ లేకుండా ప్రయాణం జరుగుతోందని ఆ మహానుభావుడు సంతోషించాడు కూడా.

కొన్నాళ్ళకు మూత్రంలో నెత్తురు పడింది. ఆగిపోయిన ముట్టు మళ్ళీ వచ్చిందేమోననుకుని ఆమె ఎవరికీ చెప్పలేదు. చివరికి మంట ఓర్చుకోలేక ఆసుపత్రిలోనే కూలబడింది.

"నీళ్ళు తాగలేదా?" అని డాక్టరమ్మ నిలదీసింది.

వాసవాంబ మొగుడి వైపు చూడనైనా చూడలేదు. "నాకే దప్పిక కాలేదమ్మా" అంది.

జగన్నాథ్‌కు చెంప పగిలినట్టయింది. ఆయన తప్పును ఆమె తన నెత్తిన వేసుకుంది, అదీ ఆయన పరువు కోసం. నేనే బస్సు నిలపనీయలేదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఇంకోసారి ఇట్లయితే ఈ మందు ఆపేయాల్సిందేనని డాక్టరమ్మ చెప్పింది. ఆపితే ఏమవుతుందో అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది.

నెత్తురు తగ్గాక మళ్ళీ సూది వేశారు. ఆ రోజు ఆయనే దగ్గర కూర్చుని నీళ్ళు తాగించాడు. బస్సు చందాపుర దాటగానే లేచి నిలబడ్డాడు.

"డ్రైవరప్పా, బస్సు నిలుపు."

రోజూ అంగడికొచ్చే ముత్తప్ప ముందు సీటులోంచి తిరిగి చూశాడు. "ఏమప్పా శెట్టీ, ఏమైంది?"

"మా ఇంటామె ఒంటికి పోవాల. కేన్సరు మందు ఎక్కించినారు, లోపల నిలవకూడదు."

డ్రైవరు బస్సు పక్కకు ఆపాడు. తంగేడు పొదల దగ్గర ఆయన పైపంచె విప్పి, రెండు చేతులా తెరగా పట్టుకుని, బస్సుకు ఎదురుగా నిలబడ్డాడు.

తెర వెనక వాసవాంబ ఏడుస్తోంది. "అందరికీ చెప్పేసినారు కదండీ. ఇంక ఊళ్ళో తల ఎట్ల ఎత్తుకుంటారు?"

అప్పుడు కూడా ఆయన ఆలోచిస్తున్నది ఆమె ఏడుపు గురించి కాదు, ముత్తప్ప రేపు అంగడిలో ఏమంటాడోనని. ఆ సంగతి తనకే తెలిసివచ్చి, సిగ్గుతో తల వంచుకున్నాడు. పైపంచె తెర మాత్రం దించలేదు.