ఎర్రమట్టిలో నత్తగుల్లలు

జ్ఞానప్రసూనాంబ గారు ఎవరినీ ఊరికే నమ్మరు. ఏలూరులో ఆటో ఎక్కితే, "ఏ వీధిలోంచి తీసుకెళ్తారండీ?" అని ముందే అడిగి, ఆ వీధి వచ్చిందో లేదో చూసుకుంటూ కూర్చుంటారు. కొబ్బరికాయను కొనేముందు చెవి దగ్గర ఊపుతారు, కొట్టాక మళ్లీ వాసన చూస్తారు. మనిషి మాత్రం మంచావిడ. మిమ్మల్ని అనుమానించినా సరే, కాఫీ ఇచ్చాకే ఆ సంగతి ఎత్తుతారు.

ఇది పుట్టిన ఊరు చేసిన అలవాటు. ఆకివీడు దగ్గర కొల్లేటి అంచున వాళ్ల నాన్నగారి వరి చేలు. అక్కడ నేలంతా చదును. కాలవ నీళ్లు మడిలోంచి మడిలోకి నెమ్మదిగా పారి, పోతూ పోతూ ఇంత ఒండ్రు వదిలిపెట్టి పోతాయి. ఆ సీమలో పొలంలోకి మట్టి రావడమే గాని పోవడం ఉండదు. పోయిందంటే ఎవరో పార పెట్టారన్నమాటే. పక్క చేను ఆసామి ఏటా గట్టును కాస్త కాస్త చెక్కి తనవైపు కలుపుకోవడం ఆవిడ చిన్నప్పుడు కళ్లారా చూశారు. ఆ తర్వాత చేపల చెరువులు వచ్చాయి. గట్లు పోయడానికి ట్రాక్టర్లు అడక్కుండానే పరాయి పొలాల్లో మట్టి ఎత్తుకుపోయాయి.

చుట్టూ చెరువులై, నడుమ పుట్టింటివాళ్లు ఇచ్చిన వరి చేను ఊటనీళ్లలో నానిపోతుంటే, భర్త బాపిరాజు గారు దాన్ని అమ్మేసి చింతలపూడి అవతల మెట్టలో పామాయిల్ తోట కొన్నారు. ఎర్రనేల. తోట ఏటవాలుగా కిందికి దిగుతుంది. దాని దిగువన వెంకటనరసమ్మ గారి వంగతోట, ఆ వెనక ఓ చిన్న కుంట. భార్యాభర్తలకు ఉన్నదంతా ఆ తోటే. ప్రసూనాంబ గారికి ఆ కొత్త ఊళ్లో మనసు విప్పి మాట్లాడుకునే మనిషి నరసమ్మ గారొక్కరే. సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ గట్టు మీద టీ గ్లాసులతో కూర్చునేవారు.

డెల్టా రైతుకు చేలో కలుపు కనబడితే పరువు పోయినట్టు. ప్రసూనాంబ గారు పామాయిల్ తోటనీ అలాగే చూసుకున్నారు. గెలలు కోసేటప్పుడు నరికిన మట్టలన్నీ బయటికి ఈడ్పించి తగలబెట్టించేవారు. గడ్డి మొలిస్తే మందు కొట్టించేవారు. చెట్ల కింద నేల ఊడ్చిన వాకిలిలా ఉండేది. చుట్టుపక్కల తోటల్లో మట్టలు వరసల మధ్యే పడి కుళ్లుతుంటే, "ఇవేం తోటలండీ, చెత్తకుప్పల్లాగ!" అని నరసమ్మ గారి ముందే అనేవారు. నరసమ్మ గారు నవ్వి ఊరుకునేవారు.

ఎర్రనేలకు బలం చాలదని, తమ్ముడు బంగార్రాజు చేత ఆకివీడు నుంచి లారీలో చేపల చెరువు మట్టి తెప్పించి చెట్ల పాదుల్లో పోయించారు. నల్లటి మట్టి, చేపలు తినగా మిగిలిన మేతంతా కలిసిన సారం. అందులో వేలిగోరంత నత్తగుల్లలు తెల్లగా మెరుస్తుండేవి. వాటిని చూస్తే ఆవిడకి పుట్టింటికి వెళ్లినట్టుండేది.

రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ నల్లమట్టి జాడ లేదు. ఎర్రమట్టీ తగ్గింది. చెట్ల మొదళ్ల దగ్గర వేళ్లు తాళ్ల కుచ్చుల్లా బయటపడ్డాయి. ఆకులు పసుపెక్కాయి, ఒక చెట్టు పక్కకి వాలింది. బాపిరాజు గారు ఇంకాస్త యూరియా వేశారు. గుణం కనబడలేదు. ఎరువుల కొట్టువాడు కల్తీ సరుకు ఇస్తున్నాడని ప్రసూనాంబ గారు కొట్టు మార్పించారు. అయినా అంతే.

ఓ రోజు వంకాయలకని నరసమ్మ గారి తోటలోకి దిగారు. మొక్కలు నడుమెత్తు పెరిగి, కొమ్మలు వంగిపోయేలా కాశాయి. కాయ కోయబోతూ కింద చూస్తే, మొక్క మొదట్లో తెల్లగా నత్తగుల్ల. పక్కనే ఇంకోటి. మట్టి కాస్త కెలికితే గుప్పెడు దొరికాయి.

"ఇదేంటండీ నరసమ్మ గారూ?"

"నత్తగుల్లండి. ఎప్పుడూ చూడలేదేంటి, వదినగారూ?"

"ఇది కొల్లేటి గుల్లండి."

"దాని మీద ఊరి పేరు రాసుందాండీ?"

"మా చెట్ల కింద తప్ప ఈ చుట్టుపక్కల ఇలాంటివి ఎక్కడా లేవు. మట్టి దానంతటది నడిచి రాదు కదా అంటున్నాను."

నరసమ్మ గారి మొహం ఎర్రబడింది. అప్పటికే కోసిన వంకాయలన్నీ తెచ్చి ప్రసూనాంబ గారి సంచిలో గుమ్మరించారు.

"తీసుకెళ్లండి. మట్టిదొంగ పండించిన కాయలు. కూర బాగా కుదురుతుంది."

ఆ సాయంత్రం గట్టు మీదకి టీ రాలేదు. మర్నాడూ రాలేదు.

ప్రసూనాంబ గారు కాపలా మొదలుపెట్టారు. పనులన్నీ మానుకుని తోటలో కుర్చీ వేసుకు కూర్చునేవారు. బాపిరాజు గారికి నవ్వొచ్చేది.

"నెత్తిన తట్ట పెట్టుకుని ఎవరన్నా దొరికారా?"

"మీకు అన్నీ వేళాకోళమే."

"ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ప్రసూనా. గంపెడు వంకాయలే ఎత్తలేదు, నీ తోటంతా మోసుకుపోయిందా?"

"మనుషుల్ని పెట్టి ఉండచ్చు."

"అయితే అడుగుజాడలేవీ?"

"అదే నేనూ అంటున్నది. వాన పడిన మర్నాడే మట్టి తగ్గుతోంది. వానలో అయితే మనం బయటికి రాం. జాడలూ చెరిగిపోతాయి. ఎంత తెలివండీ!"

శ్రావణమాసంలో ఓ మధ్యాహ్నం ఆకాశం నల్లబడి ఒక్కసారిగా కుండపోత మొదలైంది. ప్రసూనాంబ గారు చెప్పులు విడిచి, గొడుగు వేసుకుని, ఎవరూ చూడకుండా తోట మధ్యలో ఓ చెట్టు చాటున నిలబడ్డారు. ఇవాళ దొంగ దొరకాల్సిందే.

దొంగ రాలేదు. చినుకులు బోడినేల మీద పడి మట్టిని ఎగరగొడుతున్నాయి. ఎగిరిన మట్టి నీళ్లలో కలిసి, సన్నటి పాయలై, పాయలు కలిసి ఆవిడ పాదాల పక్కనుంచే ఎర్రగా పారుతున్నాయి. ఆపే గడ్డి పరక లేదు, అడ్డంగా మట్ట లేదు. అరికాళ్ల కింద మట్టి జారిపోతూ చక్కిలిగింత పెట్టింది. నీళ్ల వెంట ఓ తెల్లటి నత్తగుల్ల దొర్లుకుంటూ వచ్చి, ఆవిడ బొటనవేలికి తగిలి, పక్కకి తప్పుకుని, వంగతోట వైపు వెళ్లిపోయింది.

"గొడుగు ఎప్పుడు మూసేశానో తెలీదండీ," అంటారావిడ, ఈ కథ చెబుతూ ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి.

ఒళ్లంతా నీళ్లు కారుతూ అలాగే నరసమ్మ గారి గుమ్మంలోకి వెళ్లారు.

"మట్టి మీరు ఎత్తుకురాలేదండీ," అన్నారు.

"ఆ ముక్క నాకు తెలుసండీ," అన్నారు నరసమ్మ గారు, తువ్వాలు అందిస్తూ.

ఇంకెవరన్నా అయితే అక్కడితో ఆగేవారు. ప్రసూనాంబ గారికి ఇంకో అనుమానం వచ్చింది.

"వానకి కొట్టుకొస్తోందని మీకు ముందే తెలుసా?"

నరసమ్మ గారు చూరు నీళ్ల కింద బిందె పెట్టి వచ్చారు. 

"తెలుసండీ. మట్టలు అడ్డంగా పరుచుకోండని చెబుదామనే అనుకున్నాను. మీరు మా ఊరివాళ్ల తోటల్ని చెత్తకుప్పలన్నారు. సరే చూద్దాంలే అనుకున్నాను. ఈలోగా వంగతోట కాపు మీద కాపు. ఇంక నోరు రాలేదు."

"చూశారా! నాకు తెలుసు ఏదో ఉందని!"

"ఉందండీ. కానీ నాకూ ఏం మిగల్లేదు. వాన తగ్గాక చూపిస్తాను, రండి."

వాన వెలిసింది. కుంట దగ్గరికి తీసుకెళ్లారు. ఇదివరకు వేసవి దాకా నీళ్లుండే కుంట పూడిపోయి, నరసమ్మ గారి గేదె దిగితే పొట్ట కూడా తడవడం లేదు. అంచంతా పచ్చటి నాచు మీగడలా పేరుకుంది. కుళ్లు వాసన. గేదె మూతి పెట్టి, చీదుకుని, వెనక్కి తిరిగింది.

"మీరు వేసిన యూరియా, మీరు తెచ్చిన మట్టి, అన్నీ ఇందులోనే ఉన్నాయండీ. వంకాయలు చూసుకుని మురిశాను గాని, దీని సంగతి చూసుకోలేదు. ఇప్పుడు గేదెకి నీళ్లు బోరింగు దగ్గరనుంచి మోస్తున్నాను, ఈ మోకాళ్లతో."

రాత్రి అన్నం దగ్గర ఈ సంగతంతా విని బాపిరాజు గారు తల పట్టుకున్నారు. "కుంట పొంగితే నీళ్లు తమ్మిలేట్లోకి, తమ్మిలేరు కొల్లేట్లోకి. లారీ కట్టి ఆ మట్టిని ఇక్కడికి తెచ్చుకున్నాం. అదేమో దాని దారిన పుట్టింటికి పోతోంది."

ఆ నెల గెలల కోతకి ఒక్క మట్ట కూడా బయటికి పోలేదు. నరసమ్మ గారు మోకాళ్లు పట్టుకుని పైకి ఎక్కి వచ్చి, వాలుకు అడ్డంగా ఎలా పరవాలో దగ్గరుండి చూపించారు. గడ్డి మందు డబ్బా పశువుల పాకలో మూలకి చేరింది. వంగతోట వైపు చివరి వరస పరిచేటప్పుడు నరసమ్మ గారు కాస్త నసిగారు.

"వదినగారూ, ఆ చివర మూల మట్టుకు కొంచెం సందు వదలండి."

"ఎందుకండీ?"

"వంగతోటకి... ఏదో కాస్త."

"వదలనండి."

"అడగడంలో తప్పులేదు కదండీ," అని నరసమ్మ గారు నవ్వేశారు.

తర్వాతి పెద్ద వానకి మట్టల వెనకాల మట్టి వేలి మందాన ఆగింది. ప్రసూనాంబ గారు ప్రతి వరసా తడిమి చూసుకుంటూ కిందిదాకా దిగారు. చివర మూలకి వచ్చి ఆగిపోయారు. అక్కడ రెండు మట్టలు పక్కకి జరిగి ఉన్నాయి. మధ్యలో బెత్తెడు సందు. ఆ సందులోంచి ఎర్రటి చార వంగతోట దాకా.

"పందులై ఉంటాయి," అన్నారు వెనకే వచ్చిన బాపిరాజు గారు. "ఈ మధ్య తెగ తిరుగుతున్నాయట."

ప్రసూనాంబ గారు వంగి నేల పరిశీలించారు. గిట్టల జాడ కనబడలేదు. వాన కడిగేసి ఉండచ్చు, కడిగేయకపోనూ వచ్చు. ఒక మట్టను మాత్రం దగ్గరికి జరిపి, రెండోదాన్ని అలాగే వదిలేశారు.

సాయంత్రం నరసమ్మ గారు టీ తెచ్చారు.

"ఏంటి వదినగారూ, అదోలా చూస్తున్నారు?"

"ఏం లేదండీ. తోటలోకి పందులొస్తున్నాయట."

"వస్తున్నాయండీ. ఆ మూలనుంచే వస్తాయి."

"ఆ మూలనుంచేనా?"

"ఆ మూలనుంచేనండి," అన్నారు నరసమ్మ గారు, గ్లాసులో టీ చల్లార్చుకుంటూ.

ప్రసూనాంబ గారు ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత తన గ్లాసు ముందుకు చాపి, "కాస్త పొయ్యండి," అన్నారు.