కంచె పక్క ఊళ్లో ఉమ్మడి భోజనం

ఈమధ్య ఓ ఉదయం ఈ పరదేశపు టాంపినీస్ పేటలో మా అమ్మాయి ఫ్లాట్ కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసి, అంటే మాదని పట్టి ఉంచి, మనవరాలు దోసెలు తెచ్చేలోగా గోడమీది టీవీ వంక చూశాను. ఇజ్రాయెల్లోకి సరిహద్దు దాటి సాయుధులు వచ్చిపడ్డారట. పొగలో కాలిపోతున్న ఆ పొడుగాటి కట్టడం, నేను ఏళ్ళ తరబడి తిండి తిన్న భోజనశాల. మనవరాలు ఏమైందని ఇంగ్లీషులో అడుగుతుంటే, టీవీ వైపు వేలు చూపించాను.

మా కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళ కథలు మీరు వినే ఉంటారు గానీ, ఇజ్రాయెల్ వెళ్ళి ముసలివాళ్ళకు సేవ చేసిన మాబోటివాళ్ళ సంగతి అంతగా తెలియదు. మా ఆయన పోయాక అమ్మాయిని మా అక్క దగ్గర ఉంచి వెళ్ళాను. కిబ్బుట్స్ అంటే అందరూ కలిసి సేద్యం చేసి, పండినది కలిపి పెట్టుకుని, ఒకే చోట తినే ఊరు. నేను చూసుకున్న పెద్దావిడ ఆ ఊరికి మొదట వచ్చినవాళ్ళలో ఒకరు. ముళ్ళకంపలు తప్ప మరేమీ లేని నేలలో గుడారాలు వేసుకుని చెట్లు నాటామనీ, ఆ రోజుల్లో పిల్లలు తల్లుల దగ్గర కాక వేరే ఇంట్లో పడుకునేవారనీ ఆవిడ చెబితే, నేను బుగ్గలు నొక్కుకున్నాను. ఆవిడ కోప్పడలేదు.

"నీ పిల్ల ఎవరి పక్కలో పడుకుంటోంది?" అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత మేమిద్దరం పరాయివాళ్ళుగా మిగల్లేదు. శుక్రవారం సాయంత్రాలు తెల్లగుడ్డలు పరిచిన బల్లల దగ్గర తన పక్కనే నన్ను కూర్చోబెట్టుకునేది. ఒకసారి నేను వండిన పప్పుచారు తిని, కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే మళ్ళీ వడ్డించుకున్నాడు వాళ్ళబ్బాయి. ఒకప్పుడు ఊరి పక్కనున్న సరిహద్దు కంచె అవతలి అరబ్బు ఊరివాళ్ళు కూడా తోటపనికి వచ్చి అక్కడే భోంచేసేవారని, పెళ్ళిళ్ళకు ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళేవారని ఆవిడ చెప్పేది. నేనక్కడ ఉండగానే ఆవిడ పోయింది.

టీవీ చూసిన నాటినుంచి ఆవిడ కోడలికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. చివరికి ఎత్తింది. తాను ఎక్కడో హోటల్లో తలదాచుకుందట. భర్త గురించి అడగబోతే, ఆయన ఇక లేడని నెమ్మదిగా చెప్పింది. ఏం అడగాలో తెలియక, మళ్ళీ ఊరికి వెళతావా అన్నాను.

"మా అత్తగారైతే వెళ్ళేది. ఆవిడకు భయం తెలియదు. నాకు తెలిసిపోయింది."

ఇప్పుడు కంచె అవతల కూడా ఇళ్ళు కూలుతున్నాయి, అక్కడి తల్లుల ఏడుపూ రోజూ చూస్తున్నాను. ఆ రెండు ఊళ్ళవాళ్ళు ఒకప్పుడు ఒకే బల్ల దగ్గర కూర్చుని రొట్టె తుంచుకున్నారని చెబితే మా మనవరాలు నమ్మదు. నేనూ కళ్ళారా చూసింది కాదు, ఆ పెద్దావిడ చెప్పగా విన్నదే.